అలిగినవాళ్ల కుర్చీ

ఏమండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. తెనాలిలో పార్టీవాళ్లు సంస్మరణ సభ పెట్టారు. అక్కణ్ణుంచి వచ్చాక కాలు నిలవక ఇల్లంతా తిరుగుతూ, మధ్యమధ్య ఆగి ఇది రాస్తున్నాను.

ఆఫీసు కార్యదర్శిగా ఉన్నన్నాళ్లూ వేదిక మీద కుర్చీలు మీరే వేయించేవారు. అలిగినవాళ్లు ఆఖర్న వస్తారని ఒకటి ఎక్కువ వేయించి, మీరు మాత్రం మైకు పక్కన కిందే నిలబడేవారు. ఇవాళ మొదటిసారి మిమ్మల్ని వేదిక ఎక్కించారు. మధ్య కుర్చీలో దండ వేసిన మీ ఫోటో పెట్టారు.

అంతలో రేపల్లె నాయకుడు వచ్చాడు. తనకు ఆలస్యంగా చెప్పారని ముందే అలిగి ఉన్నాడు. ఖాళీ కుర్చీ కనబడక వెనక్కి తిరిగాడు. "ఉండండి సార్" అంటూ కొత్త కార్యదర్శి మీ ఫోటో తీసి నేలమీద పెట్టి, ఆయన్ని కూర్చోబెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. లేచి వెళ్లి, "ఏంటి బాబూ ఇది?" అని అడిగాను.

"బాబాయిగారు నేర్పిందేనండి పిన్నిగారూ. అలిగినోళ్లని నిలబెట్టకూడదనేవారు."

నిజమే, మీరున్నా లేచి ఇచ్చేవారు. నాకు అదే మంట.

సభ అయ్యేదాకా ఆగలేదు. ఫోటో తీసుకుని వచ్చేశాను. మన ముందుగది కుర్చీలో కూర్చోబెట్టాను. ఇక్కడ ఎవరు అలిగొచ్చినా మిమ్మల్ని లేవనివ్వను.