పై గదిలో చలి

పార్సిప్పనీ, ఫిబ్రవరి 3

ప్రియమైన సిద్ధూ,

నేను చలి అంటే మీరంతా నీ మీద బెంగ అనుకున్నారు. ఫోన్ చేస్తే అత్తయ్యగారిని కూడా కాల్‌లో కలిపేస్తావు, అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఇది నువ్వొక్కడివే చదువు.

పై గదిలో థర్మోస్టాట్ ఎంత పెంచినా గోడవారన హీటర్ వేడెక్కదు. మిషిగన్‌లో ఆ ట్రాయ్ ఊరి ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూలన్నీ కోటేసుకునే ఇచ్చాను. అత్తయ్యగారు కింద గదిలో ఉన్నన్నాళ్లూ ఈ బాధ లేదు. ఆవిడ తెనాలి వెళ్లడానికి విమానం ఎక్కారు, ఇది మొదలైంది. మొన్న నువ్వు ఆష్‌బర్న్ నుంచి వచ్చిన వీకెండ్ మాత్రం గది వెచ్చగా ఉంది. ఆ మాట నోరుజారి అన్నందుకు, "మొగుడు రాగానే చలి పారిపోయిందటే!" అని అత్తయ్యగారు స్పీకర్‌లో ఒకటే నవ్వు. మా అమ్మ కూడా వంత పాడింది: "అబ్బాయి ప్రాజెక్ట్ అయ్యేదాకా ఓర్చుకోవే." నిన్ను రప్పించుకోవడానికి నేను వణుకు నటించాలా?

ట్రాయ్ ఉద్యోగానికి నెలాఖరులోగా జవాబివ్వాలి. నువ్వింకా ఒక్క ముక్క మాట్లాడలేదు. మనుషుల గొంతు వినాలని పొద్దున్నే టీవీ పెట్టుకుంటున్నాను.

నీ చరిత

ఆష్‌బర్న్, ఫిబ్రవరి 8

చరీ,

పెళ్లయ్యాక మొదటి ఉత్తరం హీటర్ మీదా! నవ్వొచ్చింది, కోప్పడకు. అమ్మకి నువ్వంటే ప్రేమే. ఒంటరిగా ఉంటే ఎవరికైనా చలి ఎక్కువే అనిపిస్తుంది. నీ ఫ్రెండ్ అదితి వాళ్లింట్లో రెండు రోజులుండి రా. కింద ఎవరూ లేరని ఆ అంతస్తు హీట్ యాప్‌లో బాగా తగ్గించాను, పెంచకు. బేస్‌మెంట్‌లోకి దిగి నీ మెకానికల్ ఇంజనీరింగ్ చూపించకు. ఆ వాల్వ్ లీవర్ అసలు ముట్టుకోకు.

పార్సిప్పనీ చలికే ఇంత గోల పెట్టేదానివి మిషిగన్‌లో బతుకుతావా? ట్రాయ్ వాళ్లకి నో అని మెయిల్ పెట్టెయ్.

ఎప్పటికీ నీ సిద్ధూ

పార్సిప్పనీ, ఫిబ్రవరి 12

సిద్ధూ,

లీవర్ అన్న మాట నేను రాయలేదు, నువ్వు రాశావు. అందుకే బేస్‌మెంట్‌లోకి దిగాను.

గదుల హీటర్లకి వేడినీళ్లు పంపే బాయిలర్ పక్కన రెండు వాల్వులున్నాయి, పై అంతస్తుకొకటి, కిందకొకటి. పై గది థర్మోస్టాట్ వేడి అడగగానే సన్నటి తీగల్లో కరెంటొచ్చి వాల్వ్ మోటారు తిరగాలి. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నాకే దాని లోపలి స్విచ్ కలిసి, ఇంకో రెండు తీగల మీదుగా బాయిలర్‌కి కబురు పంపుతుంది. మన పై అంతస్తు వాల్వ్ మోటారు తీగ ఊడి వేలాడుతోంది. ఎవరో లీవర్‌ని చేత్తో తోసి వాల్వ్ తెరిచిపెట్టారు. చేత్తో తెరిస్తే ఆ స్విచ్ కలవదు. నా గది ఎంత మొత్తుకున్నా బాయిలర్‌కి వినపడదన్నమాట. కింద అంతస్తు అడిగితేనే అది వెలుగుతుంది, ఆ వేడినీళ్లే పైకీ వస్తాయి. అత్తయ్యగారు కింద ఎప్పుడూ డెబ్బై ఎనిమిది ఫారెన్‌హీట్‌లో పెట్టుకునేవారు. నువ్వొచ్చినప్పుడు సోఫాలో మ్యాచ్ చూస్తూ కింద పెంచావు. అదీ మొగుడు తెచ్చిన వెచ్చదనం!

కరెంటు ఆపి, తీగ కలిపి, లీవర్ వెనక్కి జరిపాను. మళ్లీ కరెంటిస్తే మోటారు సన్నగా మూలిగింది, స్విచ్ టిక్కుమంది, బాయిలర్ అందుకుంది. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇంట్లో ఎవరున్నారు? మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

నీకెప్పటినుంచి తెలుసు?

చరిత

ఆష్‌బర్న్, ఫిబ్రవరి 17

చరీ,

డిసెంబర్‌లో తీగ ఊడితే లీవర్ తోసింది నేనే. అప్పుడు రిపేర్ మనిషిని పిలిచే తీరిక లేదు. అమ్మ ఉన్నన్నాళ్లూ బాగానే నడిచింది. నువ్వు చలి అన్నరోజే గుర్తొచ్చింది గానీ, అప్పటికే అమ్మ మీ వాళ్లందరికీ నువ్వు నాకోసం బెంగపడ్డావని చెప్పేసింది. తప్పు నాదంటే ఆవిడ మాట పోతుంది కదా. ఈసారి వచ్చినప్పుడు చప్పుడు చేయకుండా సరిచేద్దామనుకున్నాను. ఇప్పుడు వేడొస్తోందిగా, వదిలెయ్. అమ్మకి మాత్రం చెప్పకు. ట్రాయ్‌కి నో చెప్పేశావా?

నీ సిద్ధూ

పార్సిప్పనీ, ఫిబ్రవరి 22

సిద్ధూ,

అత్తయ్యగారికి నేనేమీ చెప్పను. చెప్పడం, మానడం నీ ఇష్టం.

తీగ ఊడటం ఎవరింట్లోనైనా జరుగుతుంది. నేను వణుకుతున్నానని తెలిసీ, అందరూ నవ్వుతుంటే నువ్వూ నవ్వావు. గది ఇప్పుడు వెచ్చగానే ఉంది. నాకిక్కడ ఉండాలని లేదు.

ట్రాయ్ వాళ్లకి సరేనని రాశాను. సోమవారం వెళ్తున్నాను.

చరిత