మడుగులో విగ్రహం

నంద్యాల,
బుధవారం

నా బంగారు నాయనకు,

మంజుల దండాలు. ఫోన్ చేస్తే నీకు వినపడదు. ఉలి మోత నీ చెవులు తినేసి పదేళ్లయింది. మెసేజ్ పెడితే ఫోన్లో చూడటం రాక పక్కవాళ్లతో చదివించుకుంటావు. ఇది నువ్వొక్కడివే చదవాలి, అందుకే ఈ కాగితం.

అమ్మవారి విగ్రహాన్ని మన ఆనవాయితీ ప్రకారం వాగు మడుగులో పెట్టారట. మూడు రోజులు నీళ్లలో ఉంటే రాతిలో దాగిన పగులు బయటపడుతుందంటావు కదా. శుక్రవారం పొద్దున నువ్వూ, నీతోపాటు చెక్కే మద్దిలేటి చిన్నాయనా దిగి తీస్తారని తెలిసింది. దిగొద్దు నాయనా! నా మీద ఒట్టు.

మా కరెంటు కేంద్రం సంగతి నీకు తెలుసు. అడ్డుగట్టు దగ్గర వాగునీళ్లను పక్క కాలువలోకి మళ్లించి, టర్బైన్ తిప్పి, కిలోమీటరు కింద మళ్లీ వాగులోనే కలుపుతాం. పొగ లేదు, బూడిద లేదు. చూడవచ్చినవాళ్లకు గొప్పగా చెబుతుంటాను. ఆ మధ్య కిలోమీటరులోనే ఉంది మీ మడుగు. ఇప్పుడక్కడ నీళ్లు నిలకడగా ఉన్నాయని మీరు మురిసిపోతున్నారు. కరెంటు లైను పోయి టర్బైన్ ఆగిందంటే నీళ్లన్నీ గట్టు దూకి ఒక్కసారిగా అటే వస్తాయి. అప్పుడు మోగాల్సిన సైరన్ నాలుగు నెలలుగా చెడిపోయి ఉంది. "పనిచేస్తోంది" అని ఇక్కడ నంద్యాల ఆఫీసులో రోజూ పుస్తకంలో సంతకం పెడుతున్నది నేనే. మొదటిసారి మా పై ఆఫీసరు పెట్టమన్నాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే పెట్టాను. సిగ్గుగా ఉంది, భయంగా ఉంది. ఎవరికీ చెప్పకు, ఉద్యోగం పోతుంది. చిన్నాయనకు ఏదో ఒక సాకు చెప్పు.

నీ బిడ్డ,
మంజుల

ఆళ్లగడ్డ,
ఆదివారం

అమ్మా మంజులా,

నీ ఉత్తరం గురువారమే బస్సు డ్రైవరు తెచ్చిచ్చాడు. నువ్వు చెప్పినట్టే నేను దిగలేదు.

మద్దిలేటికి నిజం చెప్పాలని రెండుసార్లు వాళ్ల ఇంటిదాకా పోయాను. చెబితే ఊరంతా పాకుతుందని వెనక్కి వచ్చాను. చివరికి నువ్వన్నట్టే సాకు చెప్పాను. "జొరమొచ్చిందప్పా, సోమవారం తీద్దాంలే" అన్నాను. వాడు నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "గుడోళ్లు శుక్రవారమే కావాలని కూచుండారన్నా. ట్రాక్టరుకు తాడు కట్టేదానికి ఒక్కణ్ణి చాల్లే. నువ్వు పండుకో, నేను పోతా." నేను పడుకున్నాను. జ్వరం లేని మనిషిని దుప్పటి కప్పుకుని పడుకున్నానమ్మా.

శుక్రవారం ఎనిమిదింటప్పుడు నా నెత్తిన తిరిగే ఫ్యాను ఆగింది. లేచి పరుగెత్తాను. నేను పోయేసరికి మడుగు కనపడలేదు, వాగు కనపడింది. మద్దిలేటి మధ్యాహ్నం దొరికాడు, మీ టర్బైన్ నీళ్లు కలిసేచోట.

సైరన్ మోగిందా అని పోలీసులు అడిగారు. "నాకు చెవుడు సామీ" అన్నాను. అబద్ధం కాదు. బాగానే పనిచేస్తోందని పుస్తకంలో ఉందట, కింద నీ సంతకం ఉందట.

వాడి భార్య సుబ్బలక్ష్మమ్మ రోజూ వచ్చి మన గడపలో కూర్చుంటోంది. "ఆ మనిషికి చెవులు బాగుండాయి గదన్నా, మోగింటే ఇనపడేది గదా?" అని నా చెవిలోనే అడుగుతోంది. రోజూ అదే మాట. విగ్రహానికి ఏమీ కాలేదు. ఒక్క పగులు కూడా లేదు.

ఈ కాగితం కూడా ఆ బస్సు డ్రైవరు చేతికే ఇస్తున్నాను. రేపు మొదటి బస్సుకు సుబ్బలక్ష్మమ్మను వెంటబెట్టుకుని వస్తాను. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. ఆమెకు చదువు రాదు. నువ్వే చదివి వినిపించు.

మీ నాయన,
గురుస్వామి