రెండో రకం అర్జీ

అయ్యా,

ఉదయగిరి బస్టాండు దగ్గర అర్జీలు టైపు చేసే మనిషిని. ఇంటిస్థలం పట్టా కోసం మునీరాబీ తమకు పెట్టుకున్న అర్జీ నేను కొట్టిందే. అందులో ఆమె భర్త మదార్ సాహెబ్ చనిపోయినట్టు ఉంది. తప్పు ఆమెది కాదు, నాది.

పని తొందరగా అవుతుందని నా కంప్యూటర్లో షార్ట్‌కట్లు పెట్టుకున్నాను. 'భ1' కొడితే 'నా భర్తతో కాపురముంటున్నాను' అనే పేరా మొత్తం వస్తుంది. 'భ2' కొడితే 'నా భర్త మరణించినందున దిక్కులేక ఉన్నాను' అని వస్తుంది. నా దగ్గరికొచ్చే ఆడవాళ్లలో రెండో రకమే ఎక్కువ. వేలు అలవాటుగా దానిమీదికే పోయింది. ఆమెకు చదువు రాదు, నేను చదివి వినిపించలేదు. వేలిముద్ర వేసి పోయింది.

తమరు పంపిన ఉద్యోగి విచారణకొస్తే, కొయ్య గరిటె చెక్కుతున్న మదార్ సాహెబే చాప పరిచి టీ ఇప్పించినాడంట. ఎవరి చావు గురించి వచ్చిందీ తెలిసినాక మూడు రోజులు భార్య చేతి కూడు ముట్టలేదు. నేను పోయి ఒప్పుకున్నాకే నిన్న తిన్నాడు.

ఆమె అబద్ధం రాయించిందని పట్టా ఆపొద్దని వేడుకుంటున్నాను.

ఆయన ఇప్పుడు నా ఎదురుగానే ఉన్నాడు. "నేను ఉండానని రాయి అప్పా. దానికి షార్ట్‌కట్ లేదా?" అంటున్నాడు. లేదు సార్. పద్నాలుగేళ్లలో ఆ మాట రాయమని ఎవరూ అడగలేదు. అందుకే ఒక్కో అక్షరం కొడుతున్నాను: మదార్ సాహెబ్ బతికి ఉన్నాడు.

రెండుసార్లు చదివి వినిపించినాను. కింద ఉన్నది ఆయన వేలిముద్ర.