అక్క మీ పేరు చెప్పింది, మాస్టారూ

మాస్టారూ, మీరు పోయి నేటికి ఏడాది. మీరు చదవరని తెలిసే రాస్తున్నాను.

టీవీ పాటల పోటీలో గెలిచినా అక్కకు సినిమాల్లో అవకాశాలు రాలేదు. నిన్న తాడేపల్లిగూడెంలో ఒక పెళ్లికి పాడడమే ఆఖరు, ఇక పాటలు మానేద్దామనుకుంది. అక్కడ పాట మధ్యలో కరెంటు పోయి మైకు ఆగిపోయింది.

"టీవీ గొంతు కదండీ, కరెంటుతోపాటే పోయింది!" అని ఎవరో నవ్వారు.

అక్కకు పాట నేర్పేటప్పుడు కొల్లేటి చేపల చెరువుకు అవతలి గట్టున నిలబడి, "అరవకమ్మా, మాటని నా దాకా నడిపించు" అనేవారు మీరు. ఎంత మంచి మాట! నిన్న మైకు లేకుండా అక్క అలాగే పాడింది. వడ్డించేవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని ఆగిపోయారు.

ఒక పెద్దావిడ వచ్చి, "ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?" అని అడిగారు. అక్క మీ పేరు చెప్పింది.

ఏలూరు బస్సులో నాతో అంది: "మాస్టారి పేరు చెప్పేశానే. ఇంకెలా మానేది?"