పైకి చదివే అలవాటు

శుక్రవారం రాత్రి, కురబలకోట

ఎల్లుండి మళ్లీ కువైట్ ప్రయాణం. పొద్దున మదనపల్లె బస్టాండు దగ్గర పాత పుస్తకాలు కొన్ని కొన్నాను. సాయంత్రం నా పెట్టె సర్దుతూ మా ఆయన వాటిని చూసి మొహం చిట్లించాడు.

"ఇంటిపనికి పోతా ఇన్ని బుక్కులు యాలమ్మే? బరువెక్కువైతే ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. ఊరగాయకన్నా చోటుండనీ."

నేను ఒక పుస్తకం తీసుకుని వసారాలో కూర్చున్నాను. రెండు పేజీలైనా కాకముందే పాప వచ్చి నవ్వింది.

"ఎవురితో మాట్లాడతాండావు మా?"

పైకి చదువుతున్నానని అప్పుడు తెలిసింది. "ఆడ అలవాటైపోయిందిలే," అనేశాను. అక్కడ పని ముగిశాక గది తలుపేసుకుని రోజూ ఇలాగే చదువుతాను. తెలుగు మాట చెవిన పడాలంటే నాకు అదొక్కటే దారి. వీళ్లకేమో ఆ ఇంట్లో మనవాళ్లు ఇంకో ఇద్దరున్నారని, పొద్దస్తమానం కబుర్లేనని ఫోన్లో చెబుతూ వచ్చాను.

లోపల సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆయన గడప దాకా వచ్చాడు.

"ఆడ మనోళ్లు ఉండారంటివి కదా?"

"ఉండారప్పా," అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

ఆయన తిరిగి లోపలికి పోయాడు. ఇప్పుడు పెట్టె తెరిచి చూస్తే పుస్తకాలన్నీ లోపల ఉన్నాయి. ఊరగాయ డబ్బా బయట ఉంది.

గోడవైపు తిరిగి పడుకున్నాడు గానీ ఆయన నిద్రపోలేదు. ఇంకోసారి అడిగితే నిజం చెప్పేస్తాను. చెబితే నన్ను పోనివ్వడు. పాప అంగళ్లు ఊరి కాలేజీలో చేరి ఏడాదైనా కాలేదు, ఫీజు నా జీతంతోనే కట్టాలి.

అడగొద్దప్పా. ఎల్లుండి దాకా అడగొద్దు.