మేడమీద గోధుమ గడ్డి

నారాయణపేట
8-8-1988

జడ్చర్లలో మా మేడమీది గదిలో కిరాయికి ఉంటున్న ప్రమీలమ్మ పంతులమ్మ గారికి,

లియాఖత్ అలీ ఆదాబ్. మీరు, మీ ఆయన రఘుపతి గారు బాగున్నారనుకుంటాను. నా ఇల్లు బాగుందో లేదో తెలియక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న జడ్చర్ల నుంచి సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది. మీరు నా గదిలో గోధుమ పంట వేశారని, రెండు పూటలా నీళ్లు పెడుతున్నారని, కప్పు ఎప్పుడైనా కూలవచ్చునని అందులో ఉంది. గది అడగడానికి వచ్చిన రోజు మీరు చెప్పింది నాకు బాగా గుర్తుంది. ఇద్దరు మనుషులు, ఒక మంచం, ఒక స్టవ్వు. పొలం సంగతి చెప్పలేదు.

మీ కాళ్ల కింద ఉన్నది గోవిందమ్మ నెత్తిమీది కప్పు. పాపం, ఆమె పొద్దంతా పెరుగమ్ముకొని వచ్చి దాని కిందే పడుకుంటుంది. ఆ ఇల్లు మా అబ్బాజాన్ మనుషుల కోసం కట్టించారు. వారం రోజుల్లో పంట తీసేయండి.

ఇట్లు,
లియాఖత్ అలీ

తా.క.: యూరియా గాని వేశారా? వేస్తే గోడలకు ఉప్పు పడుతుంది. కోతలు, నూర్పిళ్లు ఎక్కడ చేద్దామనుకున్నారో అది కూడా రాయండి. మెట్ల మీద అయితే నేను ఒప్పుకోను.


జడ్చర్ల
13-8-1988

లియాఖత్ సాబ్ గారికి,

మీ కిరాయిదారు ప్రమీలమ్మ నమస్కారం. మీ ఉత్తరం చదివాక నా క్షేమం అంత బాగా లేదు.

నా పొలం విస్తీర్ణం రాస్తున్నాను. పలకంత రేకు తట్టలు ఏడు. ఏడూ కిటికీ బండ మీదే ఉన్నాయి. గోధుమలు ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, ముక్కు పగిలాక రెండు వేళ్ల మందం మట్టి మీద పరుస్తాను. పొద్దున, సాయంత్రం చేత్తో నీళ్లు చల్లుతాను. అన్ని తట్టలకు కలిపి ఒక చెంబు. జానెడు పెరగగానే కత్తెరతో కోస్తాను. రోజుకొక తట్టలో విత్తితే రోజుకొక తట్ట కోతకు వస్తుంది. ఇందులో నాగలి లేదు, ఎడ్లు లేవు, నూర్పిడి లేదు.

పదేళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నదాన్ని. ఆకాశరామన్న ఉత్తరం నమ్మి నన్ను ఇల్లు కూల్చేదాన్ని చేస్తారా? రాసింది గోవిందమ్మేనని నాకు తెలుసు. ఈ రోజు నుంచి ఆమెతో మాటలు బందు పెట్టాను.

ఇట్లు,
ప్రమీలమ్మ

తా.క.: యూరియా వేయలేదు. మా ఆయన ఏప్రిల్‌లో కరెంటు స్తంభం మీది నుంచి పడి, కాలు విరిగి ఇంట్లోనే ఉన్నారు గదా. అప్పటి నుంచి పొద్దున లేస్తే మా ఇద్దరి కడుపులోకి పోయేది ఆ గడ్డే. దానికి యూరియా ఎట్లా వేస్తాను?


నారాయణపేట
18-8-1988

ప్రమీలమ్మ గారికి,

ఆదాబ్. ఈ ఉత్తరం బాధతో, అంతకంటే ఎక్కువ కోపంతో రాస్తున్నాను.

మీ ఉత్తరం నేను గట్టిగా చదువుతుంటే మా బేగం లాడ్లీ తినే పళ్లెం పక్కకు నెట్టింది. “మన ఇంట్ల ఉండేటోళ్లు గడ్డి తింటున్నరా? వాళ్లకు గోడల గురించి రాస్తరా మీరు? మీకు దిల్ ఉన్నదా?” అని అడిగింది. రెండు రోజులుగా నాతో మాట లేదు. నాకు ఈ వయసులో ఈ మాట పడాల్సి వచ్చింది మీ వల్ల.

మగమనిషి మంచాన పడితే ఇల్లు ఎట్లా గడుస్తుందో నేను అడగలేదు, అది నా తప్పే. మీరు చెప్పకపోవడం మీ తప్పు. మేం పరాయివాళ్లమా? జడ్చర్ల బస్సు కండక్టరుతో ఒక బస్తా జొన్నలు పంపుతున్నాను, మీ బడి దగ్గర దించుతాడు. మీ పెద్ద పంతులమ్మ నిర్మలమ్మ గారికి కూడా మీ పరిస్థితి వివరంగా రాశాను. గడ్డి ఈ రోజే మానేయండి.

ఇట్లు,
లియాఖత్ అలీ

తా.క.: కరువు కాలంలో జనం గడ్డి తిన్నారని మా అబ్బాజాన్ చెబితే విన్నాను. గవర్నమెంటు ఉద్యోగుల ఇంట్లో తింటారని ఇప్పుడే వింటున్నాను.


జడ్చర్ల
24-8-1988

లియాఖత్ సాబ్ గారికి,

నమస్కారం పెట్టే ఓపిక లేదు. అయినా పెడుతున్నాను.

సోమవారం బడిలో ప్రార్థన జరుగుతుంటే మీ కండక్టరు గేటు దగ్గర నిలబడి, “గడ్డి తింటున్న పంతులమ్మ ఎవరు? మీకు జొన్నలొచ్చినయ్” అని అరిచాడు. రెండు వందల మంది పిల్లలు నా వైపు తిరిగారు. మీ ఉత్తరం చదువుకొని నిర్మలమ్మ గారు నా చెయ్యి పట్టుకొని, “నాకొక్క మాట చెప్పొద్దా?” అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి నాకూ మా ఆయనకూ సరిపడా టిఫిన్ డబ్బా తెస్తున్నారు. వద్దంటే అభిమానం అనుకుంటున్నారు. మూడో తరగతి వజీరా నా బల్ల దగ్గరకొచ్చి, “టీచర్, మా బర్రెకు తెచ్చిన గడ్డి మస్తుగ మిగిలింది, తేవాల్నా?” అని అడిగింది. ఆ పిల్లను ఏమనాలి?

అది మందు, సాబ్. ఆకలి కాదు. దవాఖానలో మా ఆయనకు రక్తం తక్కువ ఉందన్నారు. మహబూబ్‌నగర్‌లో ప్రకృతి వైద్యం శిబిరం పెడితే వెళ్లి నేర్చుకొని వచ్చాను. ఆ గడ్డిని నూరి, గుడ్డలో పిండి, ఆ రసం పరగడుపున తాగుతున్నాం. ఆ తర్వాత అందరిలాగే అన్నం తింటున్నాం. జొన్నలు అదే బస్సులో వాపసు పంపాను.

ఆ ఆకాశరామన్న ఉత్తరం నాకు పంపండి. గోవిందమ్మ ముందు పెట్టి అడుగుతాను.

ఇట్లు,
ప్రమీలమ్మ

తా.క.: నిన్న మా ఇంట్లో కోడికూర. బేగం గారికి తప్పకుండా చెప్పండి.


నారాయణపేట
30-8-1988

ప్రమీలమ్మ గారికి,

ఆదాబ్. పంట తీసేయమంటే కోపం. తిండి పంపితే ఇంకా కోపం. ఇల్లున్నవాడు ఏం చేస్తే మీకు నచ్చుతుందో ఒక కాగితం మీద రాసి పంపండి, గోడకు అంటించుకుంటాను. జొన్నల బస్తా వాపసు వచ్చిన సంగతి మా వీధి మొత్తానికి తెలిసింది. పురుగు పట్టిన జొన్నలు పంపి ఉంటానని అనుకుంటున్నారు.

గోవిందమ్మ జోలికి పోకండి. ఆమెకు అక్షరం ముక్క రాదు. నా దగ్గరున్న కిరాయి కాగితం మీద ఆమెది వేలిముద్ర. మీరడిగిన ఉత్తరం ఈ కవరులోనే పెడుతున్నాను. ఎవరిదో మీరే తేల్చుకోండి.

ఇట్లు,
లియాఖత్ అలీ

తా.క.: ఎవరో గాని మంచి మనిషి. ‘కప్పు’ అనే మాట కింద మూడుసార్లు గీత గీశాడు. నా ఇల్లంటే అంత ప్రేమ ఉన్నవాడిని నేను చూడలేదు. మీరు ఖాళీ చేస్తే ఆ గది ఆయనకే ఇద్దామనుకున్నాను.


జడ్చర్ల
16-9-1988

లియాఖత్ సాబ్ గారికి,

నమస్కారం. కవరు విప్పి మొదటి వరుస చూడగానే ఎవరిదో తెలిసింది. ఆ చేతిరాత పెళ్లయినప్పటి నుంచి చూస్తున్నాను. అది మా ఆయనది.

కాగితం ఆయన ముందు పెట్టి, “మీరే రాసిన్రా గిది?” అని అడిగాను. ఆయన కాగితం మడిచి దిండు కింద పెట్టారు.

“నేనే. గోవిందమ్మతోని పోస్టు డబ్బల ఏయించిన. ఆ రసం నాకు గొంతు దిగుత లేదు ప్రమీలా. నాలుగు నెలల సంది కండ్లు మూసుకొని మింగుతున్న.”

“నాకు జెప్పొచ్చు గద.”

“ఎట్ల జెప్పాలె? బడికి పోంగ నీళ్లు చల్లి పోతవు. వచ్చినంక ఒక్కొక్క మొలక జూస్తవు. నేను మంచంల ఉంటే ఇంటిపని, బయటిపని అంత నీదే. గంత చేసేదానికి వద్దని ఏ మొకం పెట్టుకొని చెప్పాలె? ఇల్లుగలాయన వద్దంటే నీ కోపం ఆయన మీదికి పోతది, నా మీదికి రాదనుకున్న.”

ఆయన లెక్క తప్పలేదు. ఇన్నాళ్లూ నేను మీ మీదే మండిపడ్డాను.

గట్టిగా తిట్టాలనుకున్నాను, సాబ్. మాటలు కూడా పేర్చుకున్నాను. కానీ నా నోటి నుంచి వచ్చింది ఇంకొకటి. “నాకు గూడ దిగది. తాగినప్పుడల్ల కడుపుల తిప్పుతది. నేను మానితే మీరు మానుతరని తాగుతున్న” అన్నాను. ఆయన నా మొహం చూసి నవ్వడం మొదలుపెట్టారు. స్తంభం మీది నుంచి పడ్డాక ఆయన అట్లా నవ్వగా నేను చూడలేదు. నాకూ నవ్వు ఆగలేదు.

కిందికి పోయి గోవిందమ్మకు తప్పయిందని చెప్పాను. “మాట్లాడకపోతే నీకే పానం బాగలేదనుకున్న” అని ఒక గిన్నె పెరుగు చేతిలో పెట్టింది. నాకు సిగ్గేసింది.

నిన్న దవాఖానలో మా ఆయనకు రక్తం పెరిగిందన్నారు. గడ్డి వల్లనో, నిర్మలమ్మ గారి డబ్బాల వల్లనో వాళ్లూ చెప్పలేదు. గోధుమలు మాత్రం మానేశాను. మిమ్మల్ని అన్న మాటలు కొన్ని వాపసు తీసుకుంటున్నాను. కండక్టరు సంగతిలో అన్నవి తీసుకోను.

ఇట్లు,
ప్రమీలమ్మ

తా.క.: తట్టలు తీసేయలేదు. వాటిలో ఇప్పుడు మెంతులు చల్లుతున్నాను. వేలెడు పెరగగానే కోసి పప్పులో వేస్తున్నాను. పొద్దున మా ఆయన అడిగి అడిగి మూడుసార్లు వేయించుకున్నారు, గిన్నె నా దగ్గరకు వచ్చేసరికి అడుగు కనిపించింది. ఈ పంట మీద మీకు ఫిర్యాదు వస్తే రాసింది నేనే, సంతకం కూడా పెడతాను.