మంచులోయ బురదలో గునుగు పుప్పొడి

బాపూ,

నీ కాళ్లకు మొక్కి రాస్తున్నాను. అన్న నన్ను తీసుకుపోవడానికి ఇక్కడికి బయలుదేరుతున్నాడని తెలిసింది. అందుకే ఇవాళే రాయాల్సి వచ్చింది. అతన్ని పంపకు. నేను రాను. ఇది చదివి వినిపించే కాంపౌండరు గారు ఒక్క మాట కూడా మింగకుండా చదవాలి.

దబీర్‌పురాలో అందరూ బాగున్నారా? ఈనిన బర్రె పాలు బాగా ఇస్తోందా? నేను బాగున్నాను. కాశ్మీరు చలి ఎముకలు కొరుకుతోంది, జొన్నరొట్టె దొరకదు, తెలుగు మాట వినబడదు. అయినా బాగున్నాను.

అన్న రాయించాడు: "మన కొట్టంల బురద లేదా ఏంది? గా బురద తవ్వనీకి గంత దూరం పోవాల్నా? లొల్లి సాలు, బిస్తర్ కట్టు." ఈ బురద వేరని అన్నకు చెప్పు. ఈ లోయలో పూడిపోయిన పాత చెరువు ఉంది. చెట్ల పుప్పొడి గాలికి రాలి, ఏటికేడు పొరలుగా అందులో నిలిచిపోయింది. ఇనుప గొట్టం దింపి ఆ బురద తీసి, ఏ పొరలో ఏ చెట్టుదో సూక్ష్మదర్శినిలో చూసి లెక్కిస్తాము. ఎప్పుడు అడవి ఉండేదో, ఎప్పుడు వానలు తప్పాయో దాన్నిబట్టి తెలుస్తుంది.

దసరాకు అమ్మ బతుకమ్మలోని గునుగుపూలు ఉత్తరంలో పెట్టి పంపింది కదా. ఆగలేక పనిబల్ల మీదే విప్పాను. తరువాత అడుగు పొరలో కొత్త పుప్పొడి కనబడింది. "ఎండు నేలల మొక్కలది! ఒకప్పుడు ఇక్కడ కరువన్నమాట!" అని, మా చేత ఈ పని చేయించే పెద్దసారు పొంగిపోయారు. మరునాడు పై పొరలోనూ అదే, ఆపై పొరలోనూ అదే. అనుమానం వచ్చి, అమ్మ పంపిన పువ్వును గాజుపలక మీద దులిపి సూక్ష్మదర్శినిలో చూశాను. అదే. బల్ల మీద రాలిన పుప్పొడే నా బురదలో కలిసింది. కరువు కాదు బాపూ, మన బతుకమ్మ!

"చుప్ రహో, కిస్కో మాలూమ్?" అన్నాడు పక్కబల్ల అతను, ఊరుకుంటే ఎవరికి తెలుస్తుందని. నేను చెప్పేశాను. పెద్దసారు ముఖం మాడ్చుకుని, "ఆడపిల్లను పెట్టుకుంటే ఇంతే. ఇంటికి పో" అన్నారు.

"బురద ఇంకా ఉంది సార్. చలికాలమంతా కూర్చుని మళ్లీ లెక్కిస్తాను. పోను" అన్నాను.

"మీ నాయన ఒప్పుకుంటేనే" అన్నారు పెద్దసారు.

ఆనాడు ఇల్లంతా వద్దంటే, "బడికి పోనీ తియ్, ఏమైతది" అన్నది నువ్వే. ఆ మాటే ఇప్పుడు కాగితం మీద రాయించి వేలిముద్ర వెయ్యి. అమ్మను కోప్పడకు. పూలు మళ్లీ పంపమను, ఈసారి నా గదిలో విప్పుకుంటాను. కాస్త చింతపండు కూడా పంపమను. మేనత్తకు దండాలు. అన్నకు కోపం తగ్గాక అతనికీ.

మంచు పడితే దారి మూసుకుపోతుంది. నీ ఒప్పుదల రాకపోతే ఆఖరి లారీలో నన్ను ఎక్కించి పంపేస్తారు. కార్తీకం చివరి సోమవారంలోగా జవాబు నా చేతికి అందేలా పంపు.

నీ బిడ్డ,
బాలమణి